ఒకే ఎస్‌టీ రోగిలోనూ కోడిలోనూ దొరికితే ‘మూలం కోడి’ అని రాయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విరేచనాలతో ఆసుపత్రికి వచ్చినవాళ్ల మలం నుంచి, అదే ఊళ్లోని చికెన్ సెంటర్ల మాంసం నుంచి విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా క్యాంపిలోబ్యాక్టర్ జెజునైని వేరుచేశారు. ఏడు జన్యువుల ఎంఎల్‌ఎస్‌టీ (ఆ జన్యువుల్లోని తేడాలను బట్టి క్రిమి రకాన్ని తేల్చే పరీక్ష) చేస్తే కొన్ని ఎస్‌టీలు (సీక్వెన్స్ టైప్, అలా తేలిన రకానికి ఇచ్చే నంబరు) రెండు వైపులా కనిపించాయి. ‘ఈ కేసులకు మూలం కోడి’ అని థీసిస్‌లో రాసేయొచ్చా, లేక హోల్ జీనోమ్ సీక్వెన్సింగ్ (క్రిమి డీఎన్‌ఏ మొత్తం చదవడం) చేయించాకే రాయాలా?

ఇప్పుడున్న శాంపిళ్లతో రాయొద్దు. హోల్ జీనోమ్ చేయించినా రాయొద్దు. మీకు కొరత సీక్వెన్సుల్లో లేదు. గేదెలు, గొర్రెలు, మేకలు, పెరటి నాటుకోళ్లు, తాగునీరు, వీటి నుంచి ఐసొలేట్లు (శాంపిల్ నుంచి వేరుచేసి పెంచిన క్రిములు) లేవు. కోళ్లలో మాత్రమే వెతికితే కోళ్లలో మాత్రమే దొరుకుతుంది. ఆ దొరికినదానికి ఎంత విలువ ఇవ్వాలో, అదే రకం మిగతా జంతువుల్లో ఎంత ఉందో తెలిస్తేనే తేలుతుంది.

ముందు రెండు పనుల్ని విడదీసుకోండి. మొదటిది ఔట్‌బ్రేక్ దర్యాప్తు. ఒక పెళ్లి భోజనం తిన్నవాళ్లలో పాతికమందికి జబ్బు చేసింది. ఏ వంటకం, ఆ మాంసం ఏ ఫారం నుంచి వచ్చింది అన్నది ప్రశ్న. ఇక్కడ రెండు ఐసొలేట్ల మధ్య చాలా దగ్గరి చుట్టరికం చూపించాలి కాబట్టి హోల్ జీనోమ్ తప్పదు. 2016లో యూరప్‌లో పలు దేశాల్లో వచ్చిన సాల్మొనెల్లా ఎంటరిటిడిస్ కేసుల్ని పోలండ్ గుడ్లకోళ్ల ఫారాలతో ముడిపెట్టగలిగింది ఈ పద్ధతితోనే. రెండోది సోర్స్ అట్రిబ్యూషన్. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఏడాది పొడవునా విడివిడిగా వచ్చే వందల కేసుల్లో కోళ్ల వాటా ఎంత, పశువుల వాటా ఎంత అని లెక్కకట్టడం. క్యాంపిలోబ్యాక్టర్ కేసుల్లో అత్యధికం ఇలా విడివిడిగా వచ్చేవే కాబట్టి మీది ఈ రెండో పని. ఇందులో ఫలానా రోగికి ఫలానా కోడి వల్ల వచ్చిందని చెప్పలేం. మొత్తం కేసుల మీద వాటాలు చెప్పగలం. ఆరోగ్యశాఖకు కావాల్సిందీ అదే. (మీ ల్యాబ్‌లో టైఫాయిడ్ ఐసొలేట్లు ఉంటే వాటిని ఈ లెక్కలోకి తేకండి. సాల్మొనెల్లా టైఫైకి జంతువుల్లో స్థావరం లేదు, అది మనిషి నుంచే మనిషికి వస్తుంది.)

ఈ పని సరిగ్గా చేస్తే ఏం సాధించవచ్చో న్యూజిలాండ్ చూపించింది. 2006లో అక్కడ 15,873 క్యాంపిలోబ్యాక్టర్ కేసులు నమోదయ్యాయి. జనాభాలో లక్షకు 380 దాకా అన్నమాట. కోడిమాంసం వల్లా, లేక దేశం నిండా ఉన్న ఆవులు, గొర్రెల వల్లా అని పెద్ద వాదనే నడిచింది. మాసీ యూనివర్సిటీ బృందం మనావటు ప్రాంతంలో 2005 నుంచి రోగుల మలం, దుకాణాల్లోని తాజా కోళ్లు, ఆవులు గొర్రెల పేడ, నదుల నీరు ఒకే కాలంలో సేకరించింది. కోళ్లను ఏ కంపెనీవో రాసుకుని మరీ తీసుకుంది. ప్రపంచంలో మిగతా చోట్ల అరుదుగా కనిపించే ఎస్‌టీ-474 అనే రకం అక్కడి రోగుల్లో దాదాపు 30 శాతం ఉందని, కోళ్లలో చూస్తే అది ప్రధానంగా ఒకే సరఫరాదారు మాంసంలో ఉందని బయటపడింది. మొత్తం కేసుల్లో కోళ్ల వాటా, వాడిన మోడల్‌ను బట్టి 58 నుంచి 76 శాతం అని తేలింది. ఆ తర్వాత కోళ్ల ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్యాంపిలోబ్యాక్టర్ లెక్కకు తప్పనిసరి పరిమితులు పెట్టారు, పరిశుభ్రత కట్టుదిట్టం చేశారు. 2008లో కేసులు 6,694కు దిగాయి. క్యాంపిలోబ్యాక్టర్ తర్వాత వచ్చే గిలాన్-బారే పక్షవాతంతో ఆసుపత్రుల్లో చేరేవాళ్లు కూడా తగ్గారు. ఏడు జన్యువుల టైపింగ్ ఒక దేశపు విధానాన్ని మార్చిందంటే కారణం సీక్వెన్సింగ్ గొప్పతనం కాదు, శాంపిళ్లు తీసుకున్న పద్ధతి. బ్రిటన్ కోళ్ల డేటాను తెచ్చి న్యూజిలాండ్ రోగులతో పోల్చి ఉంటే ఎస్‌టీ-474 సంగతి ఎప్పటికీ తేలేది కాదు. మీరు కూడా విదేశీ డేటాబేస్‌లోని పశువుల ఐసొలేట్లతో మీ ఖాళీలు పూడ్చుకోవాలని చూడకండి.

ఇప్పుడు లెక్క. ఇవి అర్థం కావడానికి కల్పించిన అంకెలు. ఫలానా ఎస్‌టీ 200 కోడి ఐసొలేట్లలో 30, 120 గేదె ఐసొలేట్లలో 6, 80 గొర్రె ఐసొలేట్లలో సున్నా కనిపించింది. రోగుల్లో ఆ ఎస్‌టీవి 60 కేసులు. చాలామంది 30, 6 అన్న సంఖ్యల్నే నేరుగా పోల్చి, 36లో 30 కాబట్టి 83 శాతం, అంటే 50 కేసులు కోడివి అంటారు. అది తప్పు. మీరు కోళ్లు ఎక్కువ తీశారు కాబట్టి కోళ్లలో ఎక్కువ దొరికింది. పోల్చాల్సింది ఒక్కో జంతువులో దాని శాతాన్ని. కోడిలో 15 శాతం, గేదెలో 5 శాతం. 15ని 20తో భాగిస్తే 0.75, అంటే 45 కేసులు కోడికి, 15 గేదెకు. దీన్నే డచ్ మోడల్ అంటారు, ఎక్సెల్‌లో చేసేయొచ్చు. ఇక గొర్రెల్లో వచ్చిన సున్నాను సున్నాగా నమ్మకూడదు. 80లో ఒక్కటీ దొరకలేదంటే అసలు రేటు 3.75 శాతం దాకా ఉండే అవకాశం ఉంది (3ని శాంపిళ్ల సంఖ్యతో భాగిస్తే 95 శాతం నమ్మకంతో పైహద్దు వస్తుంది). నిజంగా 3 శాతం ఉందనుకుంటే కోడి వాటా 15/23, అంటే 39 కేసులకు పడిపోతుంది. ఒక్క సున్నాను ఎలా అర్థం చేసుకున్నామన్నదాని మీదే ఆరు కేసులు అటూ ఇటూ అవుతున్నాయి. అందుకే బేసియన్ పద్ధతిలో ప్రతి గడికీ చిన్న ప్రయర్ (డేటా చూడకముందే పెట్టుకునే అంచనా) ఇచ్చి, ఫలితాన్ని ఒక్క అంకెగా కాకుండా హద్దులతో చెబుతారు.

ఈ లెక్కలో ఇంకో లోపం గమనించండి. కోడిమాంసం ఊరంతా తింటారు, పేడతో పని కొందరికే. ఆ తేడా డచ్ మోడల్‌లో లేదు. డెన్మార్క్‌లో సాల్మొనెల్లా కోసం తయారుచేసిన హాల్డ్ మోడల్, ఒక్కో ఆహారం ఎంత తింటున్నారు, అందులో క్రిమి ఎంత శాతం శాంపిళ్లలో ఉంది అన్నవి కూడా కలుపుతుంది. మన దగ్గర వినియోగం అంకెలు జిల్లా స్థాయిలో దొరకడం కష్టం కాబట్టి హాల్డ్ మోడల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

శాంపిళ్ల విషయానికొస్తే, ఒక్కో జంతువు నుంచి కనీసం 100 ఐసొలేట్లు, వీలైతే 200, పన్నెండు నెలల మీద పరుచుకునేలా తీయండి. ఒక్క వేసవిలో తీసినవి ఏడాది మొత్తానికి ప్రతినిధులు కావు. 100 ఐసొలేట్లు అన్నాను, 100 శాంపిళ్లు కాదు. పేడలో పాజిటివ్ రేటు 20 శాతం ఉంటే 500 శాంపిళ్లు తీయాల్సి వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఒకే మంద నుంచి గుంపుగా తీయడం. ఒక బ్రాయిలర్ షెడ్డులో క్రిమి ఒక్కసారి దూరితే కొద్ది రోజుల్లో పక్షులన్నిటికీ అదే రకం పాకుతుంది. ఆ షెడ్డు కోళ్లు పది తీస్తే పది ఐసొలేట్లు అనిపిస్తాయి గానీ సమాచారం ఒక్కదానిదే. ఒక మందకు ఒక ఐసొలేట్ చాలు. రెండు రకాలు దొరికితే రెండూ ఉంచుకుని ఒక్కోదానికి అర వంతు బరువు ఇవ్వండి.

చికెన్ సెంటర్లలో ఇది మరింత చిక్కు. ఒకే రోజు ఒకే దుకాణంలో రెండు మూడు ఫారాల కోళ్లు ఉండొచ్చు. ఈకలు పీకే డ్రమ్మూ, ముంచే వేడినీళ్ల గిన్నే, కొట్టే మొద్దూ అన్నిటికీ ఒకటే. మొదటి కోడి పేగులోని క్రిమి పదో కోడి మాంసం మీదకు చేరుతుంది. కాబట్టి మాంసం శాంపిల్ ఆ కోడి సంగతి చెప్పదు, ఆ దుకాణం సంగతి చెబుతుంది. కోడిలో ఏ రకాలున్నాయో చెప్పే రిఫరెన్స్ కోసం కోసేటప్పుడే సీకం (పేగుల చివర రెండు తిత్తులు) చెక్కుచెదరకుండా ముడివేయించి తీసుకోండి. వినియోగదారుడికి ఏం చేరుతోందో చూడటానికి మాంసం వేరుగా తీసుకోండి. మాంసానికి, మొత్తం కోడైతే స్టెరైల్ సంచిలో 400 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ వాటర్ పోసి ఒక నిమిషం ఊపి ఆ కడుగునీళ్లు తీయడం సులువైన పద్ధతి. సరఫరా వ్యాన్ ఏ ఫారం నుంచి వచ్చిందో ఆ రోజే అడిగి రాసుకోండి, మర్నాడు అడిగితే చెప్పేవాళ్లుండరు. గేదెలు, గొర్రెల విషయంలో ఇంటికో మందకో ఒకటి చొప్పున, అప్పుడే వేసిన పేడ పైపొరా అడుగూ వదిలేసి మధ్యలోంచి 10 గ్రాములు చాలు.

క్యాంపిలోబ్యాక్టర్ గాలికి తట్టుకోలేదు, ఎండితే చచ్చిపోతుంది. స్వాబులు, మలం క్యారీ-బ్లెయిర్ మాధ్యమంలో, 4 డిగ్రీల దగ్గర, అదే రోజు ల్యాబ్‌కు చేరాలి. ఎంసీసీడీఏ (ఈ క్రిమిని ఎంచి పెంచే మాధ్యమం) ప్లేట్ల మీద 41.5 డిగ్రీలు, ఆక్సిజన్ 5 శాతం, కార్బన్ డయాక్సైడ్ 10 శాతం, మిగతాది నైట్రోజన్, 44 గంటలకు నాలుగు గంటలు అటూ ఇటూ. సీకం శాంపిళ్లలో క్రిమి దండిగా ఉంటుంది కాబట్టి నేరుగా ప్లేటు మీద గీయండి. పేడకూ నీటికీ ఎన్‌రిచ్‌మెంట్ (ముందు ద్రవ మాధ్యమంలో, అంటే బ్రాత్‌లో, క్రిమిని పెంచుకోవడం) కావాలి. అక్కడే ఒక చిక్కు. కోళ్లలో సెఫలోస్పోరిన్లకు లొంగని ఈఎస్‌బీఎల్ ఈ.కోలై ఎక్కువ. బోల్టన్ బ్రాత్‌లో ఉన్న యాంటీబయాటిక్ సెఫోపెరజోన్ కూడా ఆ కోవదే కాబట్టి దాన్ని ఆపలేదు. అది విపరీతంగా పెరిగి ప్లేటంతా కమ్మేస్తుంది, మీరు నెగెటివ్ అని రాసుకుంటారు. పాలిమిక్సిన్-బి, రిఫాంపిసిన్ ఉన్న ప్రెస్టన్ బ్రాత్ అలాంటి శాంపిళ్లకు మేలు. క్యాంపిలోబ్యాక్టర్ పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 10272 కూడా 2017 నుంచి ఈ తేడాను బట్టే వేర్వేరు పద్ధతులు చెబుతోంది. బ్రాత్ మారితే పైకొచ్చే రకాలూ మారతాయి. రోగుల మలాన్ని నేరుగా ప్లేటు మీదా, పేడను బ్రాత్‌లోనూ పెంచితే ఆ తేడా కొంత జంతువుల తేడాగా కనిపిస్తుంది. ఏ శాంపిల్‌కు ఏ పద్ధతి వాడారో పట్టికలో ఒక గడి పెట్టుకుంటే తర్వాత సరిచూసుకోవచ్చు. వేరుచేసిన వెంటనే 20 శాతం గ్లిజరాల్‌తో మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. ప్లేటు నుంచి ప్లేటుకు మళ్లీ మళ్లీ మార్చుతూ పోతే ఈ క్రిమిలోని గ్వానీన్ వరసల పొడవు మారుతుంది, జీనోమ్ పోలికలో అవి లేనిపోని తేడాలుగా కనిపిస్తాయి.

ఎంఎల్‌ఎస్‌టీ చాలదా అన్న మీ అనుమానానికి జవాబు, చాలా వరకు చాలు. ఆ ఏడు జన్యువుల ముక్కలు కలిపితే 3,309 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు). మొత్తం జీనోమ్ 16.4 లక్షల బేస్‌లు. వెయ్యిలో రెండు వంతులే చూస్తున్నాం, అయినా ఆతిథేయి (క్రిమి ఉండే జంతువు) జాడ అందులో బాగానే ఉంటుంది. ఎస్‌టీ-257, ఎస్‌టీ-353 కుటుంబాలు కోళ్లవైపు, ఎస్‌టీ-61, ఎస్‌టీ-42 కుటుంబాలు నెమరువేసే పశువులవైపు మొగ్గుతాయి. ఇబ్బంది ఎస్‌టీ-21, ఎస్‌టీ-45 కుటుంబాలతో. ఇవి కోడి, ఆవు, అడవి పక్షి, అన్నిట్లోనూ ఉంటాయి, మనుషుల్లోనూ బాగా కనిపిస్తాయి. మీ రెండు వైపులా కలిసిన ఎస్‌టీలు వీటిలోవే అయితే ఆ కలయికకు దాదాపు విలువ లేదు, అది ముందు చూసుకోండి. వీటికి హోల్ జీనోమ్ చేసినా పూర్తిగా తేలదు. ఈ వంశాలు ఒక జంతువు నుంచి మరో జంతువుకు ఎంత వేగంగా మారతాయంటే, జీనోమ్‌లో ఆతిథేయి గుర్తు స్థిరపడేలోపే ఆతిథేయి మారిపోతుంది.

పైగా ఈ క్రిమి పక్క క్రిముల డీఎన్‌ఏ ముక్కల్ని లాక్కుని తనలో కలుపుకుంటుంది. ఎస్‌టీ-61 ప్రొఫైల్, అంటే ఏడు జన్యువుల్లో ఒక్కోదాని అలీల్ (రూపాంతరం) నంబరు, 1-4-2-2-6-3-17. చివరి 17 ఉంది చూడండి, యూఎన్‌సీఏ జన్యువు అలీల్, అది నిజానికి క్యాంపిలోబ్యాక్టర్ కోలై నుంచి వచ్చింది. ఒక్క అతికింపుతో పదుల బేస్‌లు ఒకేసారి మారతాయి. మ్యుటేషన్లు ఒక్కొక్కటిగా పోగయ్యాయన్న లెక్కతో చెట్టు గీస్తే దగ్గరి చుట్టాలు దూరమైపోతారు. అందుకే బేస్‌లు కాకుండా అలీళ్లు లెక్కపెట్టడం మంచిది. ఎసిమెట్రిక్ ఐలాండ్ మోడల్ అనే మరో అట్రిబ్యూషన్ పద్ధతి మ్యుటేషన్‌నూ, ఈ కలుపుకోవడాన్నీ, జంతువుల మధ్య వలసనూ వేరువేరుగా అంచనా వేస్తుంది. అంతకుముందు ఏ జంతువులోనూ చూడని ఎస్‌టీ రోగిలో వచ్చినా దాని అలీళ్లను బట్టి వాటా ఇవ్వగలదు, డచ్ మోడల్ అక్కడ చేతులెత్తేస్తుంది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 1,231 మంది రోగుల ఐసొలేట్ల మీద ఈ మోడల్‌తో వచ్చిన ఫలితం: కోడి 57 శాతం, ఆవులు 35 శాతం, అడవి జంతువులు, పరిసరాలు కలిపి 3 శాతం.

హోల్ జీనోమ్‌కు డబ్బుంటే కోర్ జీనోమ్ ఎంఎల్‌ఎస్‌టీ (1,343 జన్యువుల స్కీమ్ పబ్‌ఎంఎల్‌ఎస్‌టీ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఉంది) వాడండి. 50 రెట్ల కవరేజీకి (ప్రతి బేస్‌ను సగటున 50 సార్లు చదవడానికి) 8.2 కోట్ల బేస్‌లు, అంటే 150 బేస్‌ల జంట రీడ్లు సుమారు 2.75 లక్షల జతలు చాలు. ఈ క్రిమి జీనోమ్‌లో జీసీ (గ్వానీన్, సైటోసీన్ బేస్‌ల వాటా) 30 శాతమే. నెక్స్‌టెరా ఎక్స్‌టీ లాంటి సీక్వెన్సింగ్ కిట్లతో కవరేజీ ఎగుడుదిగుడుగా వస్తుంది కాబట్టి సగటు చూసి తృప్తిపడకండి. అసెంబ్లీ (రీడ్లను అతికించి కూర్చిన జీనోమ్) 15.5 లక్షల నుంచి 18.5 లక్షల బేస్‌ల మధ్య, జీసీ 30–31 మధ్య ఉండాలి. 20 లక్షలు దాటితే వేరే జాతి కలిసింది. సైజు సరిగ్గా ఉన్నా ఎంఎల్‌ఎస్‌టీ జన్యువుల్లో ఒకే స్థానంలో రెండు బేస్‌లు సగం సగం కనిపిస్తే రెండు జెజునైలు కలిశాయని అర్థం. మళ్లీ ఒక్క కాలనీ గీసి పెంచండి. ఔట్‌బ్రేక్ అనుమానం ఉన్నప్పుడు నాలుగైదు అలీళ్ల లోపు తేడా ఉంటే దగ్గరి సంబంధం అనుకుని తిన్నవాటి వివరాలు కూపీ లాగొచ్చు. ఆ హద్దు దర్యాప్తు మొదలుపెట్టడానికే, తీర్పు చెప్పడానికి కాదు.

యాంటీబయాటిక్ నిరోధకతను జంతువు గుర్తుగా వాడాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగకపోవడానికి జీవైఆర్‌ఎ జన్యువులో 257వ స్థానంలో ఒక్క బేస్ మారితే చాలు. అది కోడిలోనూ వస్తుంది, మందు వాడిన రోగిలోనూ కొద్ది రోజుల్లో వస్తుంది.

ఏ మోడల్ వాడినా రోగుల డేటా ముట్టుకునే ముందు ఒక పరీక్ష చేయండి. మూలం తెలిసిన జంతువుల ఐసొలేట్లలో అయిదో వంతు పక్కన దాచి, వాటిని రోగుల ఐసొలేట్లలాగా మోడల్‌కు ఇవ్వండి. కోడివి కోడివిగా ఎన్ని గుర్తుపట్టిందో చూడండి. ఆవులు, గొర్రెలు ఒకదానికొకటి తారుమారవుతుంటే రెండింటినీ కలిపి ‘నెమరువేసే పశువులు’ అనే ఒక్క వర్గం చేయండి. కోళ్లలోనే మూడో వంతు తప్పుగా వస్తుంటే రోగుల వాటాల్లోనూ అంత తప్పు ఉంటుందని రాసి తీరాలి. ఈ పరీక్ష ఫలితాల పట్టిక లేని అట్రిబ్యూషన్ పేపర్‌ను నేనైతే నమ్మను.

చివరగా, మూలం వేరు, దారి వేరు. 2016 ఆగస్టులో న్యూజిలాండ్‌లోనే హేవ్‌లాక్ నార్త్ అనే, 14,000 మంది ఉన్న పట్టణంలో వేలమందికి ఒకేసారి క్యాంపిలోబ్యాక్టర్ సోకింది. టైపింగ్ గొర్రెలను చూపించింది. ఎవరూ గొర్రెమాంసం వల్ల జబ్బుపడలేదు. భారీ వానకు మేత పొలంలోని గొర్రెల పేడ కొట్టుకొచ్చి, క్లోరిన్ కలపని బోరు నీళ్లలో చేరింది. మీ డేటాలోనూ గేదె రకం అని తేలిన కేసు పచ్చిపాల వల్ల కావచ్చు, పేడ చేతుల వల్ల కావచ్చు, బావి వల్ల కావచ్చు. ఆ ముడి విప్పేది రోగి ఇచ్చిన సమాధానాలే. వయసు, ఊరా పట్నమా, ఇంట్లో పశువులూ కోళ్లూ ఉన్నాయా, ఏ నీళ్లు తాగుతారు, కాచని పాలు తాగారా, వారం రోజుల్లో ప్రయాణం చేశారా అన్న ఆరు ప్రశ్నలు ప్రతి రోగినీ అడగండి. పల్లెల్లోని అయిదేళ్లలోపు పిల్లల్లో పశువుల రకాలు ఎక్కువని న్యూజిలాండ్‌లో, స్కాట్లాండ్‌లో తేలింది, కాబట్టి వయసునూ ఊరినీ కలిపి విడగొట్టి చూడండి. మన దగ్గర చిన్నపిల్లల మలంలో జబ్బు లేకుండానే ఈ క్రిమి కనిపించడం మామూలే. మలంలో దొరికినంత మాత్రాన ఆ విరేచనాలకు అదే కారణమని కూడా కాదు. అదే వయసు ఆరోగ్యవంతులైన పిల్లల శాంపిళ్లు కొన్ని ఉంటే మీ రోగుల జాబితాకు బలం వస్తుంది.

ఇప్పటి డేటాతో మీరు రాయగలిగిన వాక్యం ఇది: ‘రోగుల్లో కనిపించిన ఇన్ని ఎస్‌టీలలో ఇన్ని, అదే కాలంలో అదే పట్టణపు కోడిమాంసంలోనూ ఉన్నాయి, ఇతర జంతువుల్లో వెతకలేదు.’ నిజాయతీగా ఉంటుంది, పరీక్షకుడు వేలెత్తి చూపలేడు. సీక్వెన్సింగ్‌కు అనుకున్న డబ్బులో సగం పక్కన పెట్టి మరో ఏడాది గేదెలు, గొర్రెలు, నాటుకోళ్ల శాంపిళ్లకు పెట్టండి. ఇప్పటికే చేసిన ప్రొఫైళ్లను తేదీ, జిల్లా, శాంపిల్ రకంతో సహా పబ్‌ఎంఎల్‌ఎస్‌టీకి పంపండి. కొత్త అలీళ్లు వస్తే నంబర్ ఇచ్చేది అక్కడే. అందుకు రెండు దిశల్లోనూ చదివిన శుభ్రమైన ట్రేస్ ఫైళ్లు (సీక్వెన్సర్ ఇచ్చే ముడి రీడింగులు) కావాలి, వాటిని చెరిపేయకుండా ఉంచుకోండి.